ఎర్ర రక్తకణం కేంద్రకాన్ని ఎందుకు వదిలేసింది?

క్షీరదాల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఎందుకు ఉండదని ఎవరిని అడిగినా దాదాపు ఒకటే జవాబు వస్తుంది: హీమోగ్లోబిన్‌కు చోటు మిగలడానికి. పాఠ్యపుస్తకాల్లో ఉన్నదీ అదే, పరీక్షలో రాస్తే మార్కులు పడేదీ అదే. ఆ జవాబు పూర్తిగా తప్పని అనలేం. కానీ దాని ముందు ఒక్క పావురాన్ని నిలబెడితే చాలు, తడబడుతుంది.

పక్షుల ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది. పాములు, బల్లులు, కప్పలు, చేపలు, అన్నిటికీ ఉంటుంది. వెన్నెముక ఉన్న జంతువుల్లో కేంద్రకాన్ని మూకుమ్మడిగా వదిలేసిన వర్గం క్షీరదాలు ఒక్కటే. పోనీ ఆక్సిజన్ అవసరం క్షీరదాలకే ఎక్కువా అంటే అదీ కాదు. గాలిలో నిలబడి తేనె తాగే హమ్మింగ్‌బర్డ్ గుండె నిమిషానికి వెయ్యిసార్లకు పైగా కొట్టుకోగలదు. బార్ హెడెడ్ గూస్ అనే వలస బాతు గాలి పలచబడిన ఎత్తుల్లో హిమాలయాలు దాటుతుంది. ఇంత కష్టమైన పనులు కేంద్రకమున్న కణాలతోనే సాగిపోతున్నప్పుడు, ఎలుకకూ ఏనుగుకూ అది ఎందుకు అడ్డొచ్చినట్టు?

హీమోగ్లోబిన్ లెక్కే చూద్దాం. మనిషి ఎర్రకణం బరువులో దాదాపు మూడోవంతు హీమోగ్లోబిన్. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల అణువులు. ఇంతకు మించి కూరితే లోపలి ద్రవం చిక్కదనం ఒక్కసారిగా పెరిగి కణం బిగుసుకుపోతుంది. అంటే హద్దు గీసేది ఇక్కడ చోటు కన్నా చిక్కదనమే. పక్షి కణంలోనూ కేంద్రకం చుట్టూ ఉన్న ద్రవంలో హీమోగ్లోబిన్ ఇంచుమించు ఈ గాఢతలోనే ఉంటుంది. రక్తం మొత్తాన్ని తీసుకుని కొలిచినా, బాగా ఎగిరే పక్షుల హీమోగ్లోబిన్ క్షీరదాల స్థాయికి తగ్గదు. కేంద్రకం పోతే కొంత చోటు కలిసొస్తుంది, నిజమే. ఆ కాస్త చోటు కోసమే ఒక జీవవర్గమంతా జన్యుపదార్థాన్ని కణం బయటికి గెంటేసిందంటే మాత్రం నమ్మబుద్ధి కాదు.

మోసుకెళ్లే ఆక్సిజన్‌ను దారిలో తానే వాడుకోకుండా ఉండటానికి, అనే జవాబు కూడా వినిపిస్తుంది. అది ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా లేకపోవడానికి చెప్పాల్సిన కారణం, కేంద్రకానికి కాదు. పైగా పక్షుల ఎర్రకణాల్లో మైటోకాండ్రియా ఉన్నా అవి వాడుకునే ఆక్సిజన్ మోసే దానితో పోలిస్తే లెక్కలోకి రాదు.

అసలు లాభం ఆకారం దగ్గర కనిపిస్తుంది. మనిషి ఎర్రకణం వ్యాసం 7-8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంచు దగ్గర మందం 2 మైక్రాన్ల పైచిలుకు, మధ్యలో ఒక మైక్రాన్ అటూ ఇటూ. లోపలి పరిమాణం సుమారు 90 ఫెమ్టోలీటర్లు, అంటే 90 ఘన మైక్రాన్లు. అంతే పరిమాణాన్ని గోళంలా చుట్టి ఉంచడానికి 97 చదరపు మైక్రాన్ల పొర చాలు. ఎర్రకణానికి ఉన్న పొర మాత్రం 135-140 చదరపు మైక్రాన్లు. అవసరానికి మించి నలభై శాతం ఎక్కువన్న మాట. సగం నీళ్లు పోసి మూతి కట్టిన సంచి ఎటు నొక్కితే అటు ఒదిగిపోతుంది. అదే సంచిని నిండా నింపి నొక్కితే పగులుతుంది. కణం పొర ఎంత వంచినా వంగుతుంది గాని సాగదు. వైశాల్యం మూడు నాలుగు శాతం పెరిగేలా లాగితే చిరిగిపోతుంది. కాబట్టి ఎర్రకణం ఒదుగుదల అంతా ఆ మిగులు పొర మీదే ఆధారపడింది.

కేంద్రకం ఈ ఏర్పాటును రెండు విధాలా చెడగొడుతుంది. కణంలో అన్నిటికన్నా బిరుసైన భాగం అదే. పైగా సరిగ్గా మధ్యలో, ఎక్కడైతే కణం పలచబడాలో అక్కడే ఉబ్బెత్తుగా కూర్చుంటుంది. అది బయటికి పోయినప్పుడు లోపలి పరిమాణం బాగా తగ్గుతుంది, పొర మాత్రం అంతగా తగ్గదు. మిగులు పొర పుట్టేది ఇలాగే. ఈ ఇబ్బంది తెల్ల రక్తకణాలకూ ఉంది. కణజాలంలోకి దూరాల్సిన న్యూట్రోఫిల్ తన కేంద్రకాన్ని వదల్లేదు గాని, మూడు నాలుగు తమ్మెలుగా విడదీసుకుని సందుల్లో దూరుతుంది.

ఒదుగుదల ఎంత అవసరమో ప్లీహం చెబుతుంది. కేశనాళికల వ్యాసం చాలాచోట్ల 5-6 మైక్రాన్లే, ఎర్రకణం వ్యాసం కన్నా తక్కువ. అక్కడ కణం మడతపడి, ముందుభాగం గుండ్రంగా వెనకభాగం బోలుగా మారి జారిపోతుంది. ప్లీహంలో పరీక్ష ఇంకా కఠినం. అక్కడి రక్తనాళాల గోడల్లో కణాల మధ్య చీలికలుంటాయి. వాటి వెడల్పు ఒక మైక్రాన్ అటూ ఇటూ. ప్రతి ఎర్రకణమూ అప్పుడప్పుడూ వాటిగుండా దూరి రావాలి. రాలేనిది అక్కడే చిక్కుకుని, పాడైన కణాలను మింగేసే మాక్రోఫేజ్‌ల పాలవుతుంది. వంశపారంపర్యంగా వచ్చే గోళకణ రక్తహీనతలో జరిగేది ఇదే. కణ పొర కింద ఉండే స్పెక్ట్రిన్ వంటి ప్రోటీన్ల లోపం వల్ల పొర ముక్కలు ముక్కలుగా ఊడిపోతుంది, మిగులు కరిగి కణం గుండ్రంగా మారుతుంది. దానిలో హీమోగ్లోబిన్‌కు ఏ కొరతా లేదు, ఆక్సిజన్ మోయడమూ వచ్చు. అయినా ప్లీహం దాన్ని బతకనివ్వదు.

ప్రవాహంలోనూ తేడా ఉంది. వేగంగా పారే రక్తంలో మనిషి ఎర్రకణం వాలుగా సాగి నిలబడుతుంది. దాని పొర లోపలి ద్రవం చుట్టూ తిరుగుతూ ఉంటుంది. దాంతో కణం ద్రవబిందువులా ప్రవర్తించి రక్తం చిక్కదనం తగ్గుతుంది, గుండెకు పని తేలికవుతుంది. కేంద్రకమున్న కణాలు ఇలా చేయలేవు. పైపెచ్చు క్షీరదాలు కాని జంతువుల ఎర్రకణాల అంచు వెంట సూక్ష్మనాళికల కట్ట ఒకటి పట్టీలా చుట్టి ఉండి కోలాకారాన్ని బిగించి ఉంచుతుంది. క్షీరదాల పరిపక్వ కణంలో ఆ పట్టీ కూడా కనిపించదు.

ఇక్కడ ఒంటె గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఒంటె, లామా ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుందని ఎన్నో పుస్తకాల్లో అచ్చవుతూనే ఉంది. అది తప్పు. వాటి కణాలు కోలగా ఉంటాయి, అంతే. ఆ కోల ఆకారం పక్షుల కణాలను గుర్తుచేయడంతో ఈ పొరపాటు పుట్టి ఉండవచ్చు. దప్పికతో ఉన్న ఒంటె ఒక్కసారిగా నీళ్లు తాగి రక్తం పలచబడినప్పుడు ఆ కణాలు పగలకుండా రెట్టింపుకు మించి ఉబ్బగలవు.

ఇంతవరకూ చెప్పింది కేంద్రకం లేకపోతే ఏం లాభమో. పావురం ప్రశ్న మాత్రం అలాగే ఉంది: అదే లాభం పక్షులకు ఎందుకు అక్కర్లేకపోయింది? దీనికి దొరికే మంచి ఆధారం జీనోమ్ (కణంలోని మొత్తం డీఎన్ఏ) పరిమాణంలో ఉంది.

జంతువుల కణాల్లో ఒక పాత సంబంధం కనిపిస్తుంది. డీఎన్ఏ ఎంత ఎక్కువైతే కేంద్రకం అంత పెద్దది, కేంద్రకం ఎంత పెద్దదైతే కణం అంత పెద్దది. 19వ శతాబ్దంలో జార్జ్ గలివర్ అనే ఇంగ్లిష్ శరీరశాస్త్రజ్ఞుడు ఎన్నో రకాల జంతువుల ఎర్రకణాలను సూక్ష్మదర్శిని కింద ఓపిగ్గా కొలిచి పెట్టాడు. తర్వాతి కాలంలో డీఎన్ఏ కొలతలు వచ్చాక ఈ రెండూ కలిపి చూస్తే పోలిక స్పష్టమైంది. ఆంఫియూమా అనే ఉభయచరానిది భారీ జీనోమ్. దాని ఎర్రకణం పొడవు దాదాపు 70 మైక్రాన్లు. కోడి జీనోమ్ మనిషి జీనోమ్‌లో మూడోవంతు పైచిలుకు మాత్రమే. దాని కణం 12 మైక్రాన్ల పొడవు. పక్షుల్లో అతి చిన్న జీనోమ్‌లు హమ్మింగ్‌బర్డ్‌లవి. ఎగరడానికి తగ్గట్టు పక్షులు జీనోమ్‌ను కుదించుకున్నాయా, లేక వాటి పూర్వీకులకు ముందే చిన్న జీనోమ్ ఉండటం కలిసొచ్చిందా అన్నది వేరే చర్చ. కేంద్రకాన్ని ఉంచుకుంటూనే కణాన్ని చిన్నదిగా చేసుకునే వీలు వాటికి దొరికింది. దానికి తోడు పక్షుల ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో పారుతుంది, ఆక్సిజన్‌ను పిండుకోవడంలో అవి మన ఊపిరితిత్తుల కన్నా మెరుగు. అవసరాన్ని తీర్చుకోవడానికి ఎర్రకణం ఒక్కటే దారి కాదు.

క్షీరదాలది పెద్ద జీనోమ్. అంత కేంద్రకాన్ని లోపల పెట్టుకుని చిన్న కణం కావడం కుదరదు. మేకను చూస్తే ఇది అర్థమవుతుంది. మేక ఎర్రకణం వ్యాసం 3-4 మైక్రాన్లు, మొత్తం పరిమాణం సుమారు 20 ఫెమ్టోలీటర్లు. మేక శరీరంలోని మామూలు కణం కేంద్రకం ఒక్కటే అంతకు ఎన్నో రెట్లుంటుంది. మూషిక జింక కణాలైతే 2 మైక్రాన్లు కూడా ఉండవు. కేంద్రకం ఉంటే ఇలాంటి కణాలు ఊహకే అందవు. కణాలు చిన్నవైతే అంతే రక్తంలో పొర వైశాల్యం పెరుగుతుంది, ఆక్సిజన్ లోపలికీ బయటికీ ప్రయాణించాల్సిన దూరం తగ్గుతుంది, సన్నని కేశనాళికలను మరింత దగ్గరదగ్గరగా అల్లుకోవచ్చు.

ఈ వాదనకు అనుకోని చోటు నుంచి బలం దొరికింది. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో బాట్రకోసెప్స్ అనే సన్నని సాలమాండర్లున్నాయి. వాటికి ఊపిరితిత్తులు లేవు, చర్మంతోనే శ్వాస. ఒళ్లు పుల్లలా సన్నం, జీనోమ్ మాత్రం మనిషి దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. అంత పెద్ద కేంద్రకాలున్న కణాలు అంత సన్నని నాళాల్లో ఎలా తిరుగుతాయి? ఈ ప్రజాతిలో ఒక జాతికి ఎర్రకణాల్లో అత్యధిక భాగానికి కేంద్రకమే లేదు. క్షీరదాలతో ఏ సంబంధమూ లేకుండా, ఇదే పరిష్కారం అక్కడ విడిగా పుట్టింది. మారోలికస్ అనే చిన్న సముద్ర చేపలోనూ కేంద్రకం లేని ఎర్రకణాలున్నట్టు 1956లోనే బయటపడింది. ఆక్సిజన్ దాహమే కారణమైతే ముందు హమ్మింగ్‌బర్డ్ కేంద్రకాన్ని వదలాలి; నెమ్మదిగా పాకే సాలమాండర్ కాదు. ఇరుకు నాళాలకూ పెద్ద జీనోమ్‌కూ మధ్య పొసగకపోవడమే ప్రధాన కారణమనే వాదన నాకు మిగతా వాటికన్నా బలంగా కనిపించేది అందుకే.

కేంద్రకం ఎలా పోతుందన్న ప్రశ్న కూడా చాలాకాలం తేలలేదు. 1674లో లీవెన్‌హుక్ మనిషి ఎర్రకణాలను వర్ణించాడు. అవి గోళాలు కావు, బల్లపరుపుగా ఉంటాయని 1770లలో విలియం హ్యూసన్ చూపించాడు. 19వ శతాబ్దం చివర్లో శాస్త్రజ్ఞులు రెండుగా చీలిపోయారు: కేంద్రకం లోపలే కరిగిపోతుందని కొందరు, బయటికి నెట్టబడుతుందని కొందరు. 1890లో విలియం హోవెల్ పిల్లుల్లో చేసిన పరిశీలనలతో రెండో పక్షాన నిలిచాడు. అదే నిజమని తేలింది. కొన్ని ఎర్రకణాల్లో చుక్కలా మిగిలే కేంద్రకపు తునకకు హోవెల్-జాలీ కణికలని పేరు. మామూలుగా ప్లీహం వాటిని ఏరేస్తుంది; రక్తపు చుక్కలో అవి కనిపిస్తే ప్లీహం లేదనో, పనిచేయడం లేదనో వైద్యులు అనుమానిస్తారు.

మజ్జలో జరిగే పని ఇది. ఎర్రకణానికి తల్లికణం కొన్నిసార్లు విభజన చెందుతూ, హీమోగ్లోబిన్ కూడబెట్టుకుంటూ చిన్నదవుతుంది. కేంద్రకంలోని క్రోమాటిన్, అంటే ప్రోటీన్లతో చుట్టుకున్న డీఎన్ఏ, గట్టిగా ముడుచుకుపోతుంది. ఆ తర్వాత కేంద్రకం ఒక పక్కకు జరుగుతుంది, యాక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ తంతువుల వలయం దాన్ని నొక్కుతుంది, కొద్ది నిమిషాల్లో కేంద్రకం పలచని పొర కప్పుకుని తెగిపడుతుంది. కణ విభజన చివర్లో రెండు పిల్లకణాలను విడదీసేది కూడా ఇలాంటి వలయమే. అంటే కేంద్రకాన్ని వదిలించుకోవడానికి కొత్త యంత్రాంగమేదీ మొదటినుంచి కనిపెట్టాల్సిన పని లేకపోయింది. ఉన్న విభజననే ఒంటిపక్కకు వాల్చి, ఒక వాటాకు కేంద్రకమంతా, రెండో వాటాకు హీమోగ్లోబిన్ అంతా పంచితే సరిపోయింది.

తెగిపడిన కేంద్రకాల గతి ఏమిటి? మనిషి మజ్జ సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్రకణాలను తయారుచేస్తుంది. అన్ని లక్షల కేంద్రకాలూ ప్రతి సెకనూ ఎక్కడికో పోవాలి. 1958లో ఫ్రెంచ్ రక్తశాస్త్రవేత్త మార్సెల్ బెస్సీ మజ్జలో ఒక అమరికను గుర్తించాడు: మధ్యలో ఒక మాక్రోఫేజ్, దాని చుట్టూ పెరుగుతున్న ఎర్రకణాలు. ఊడిన కేంద్రకం పొర మీద ఫాస్ఫాటిడిల్ సెరిన్ అనే కొవ్వు అణువు బయటికి తేలుతుంది. చనిపోతున్న కణాలు ఇచ్చే సంకేతమే ఇది. మాక్రోఫేజ్ దాన్ని పసిగట్టి మింగి, లోపలి డీఎన్ఏను డీఎన్ఏజ్-2 అనే ఎంజైమ్‌తో ముక్కలు చేస్తుంది. ఈ ఎంజైమ్ లేకుండా చేసిన ఎలుక పిండాలు తీవ్ర రక్తహీనతతో పుట్టకముందే చనిపోయాయని 2001లో జపాన్ పరిశోధకులు చూపించారు. అరగని డీఎన్ఏ మాక్రోఫేజ్‌లలో పేరుకుని ఇంటర్ఫెరాన్ అనే రోగనిరోధక సంకేత ప్రోటీన్ విడుదలయ్యేలా చేస్తుంది, అది ఎర్రకణాల పెరుగుదలనే ఆపేస్తుంది. కేంద్రకాన్ని పారేయడం ఎంత ముఖ్యమో, పారేసిన దాన్ని సాఫీగా మాయం చేయడమూ అంతే ముఖ్యం.

పక్షుల ఎర్రకణం కూడా ఈ దారిలో సగం దూరం వచ్చింది. హెచ్5 అనే ప్రత్యేక హిస్టోన్ (డీఎన్ఏను పట్టి ఉంచే ప్రోటీన్) దాని క్రోమాటిన్‌ను ముడిచేస్తుంది, జన్యువుల పని దాదాపు నిలిచిపోతుంది. అయినా ఆ కేంద్రకం చావలేదు. 1965లో హెన్రీ హారిస్ బృందం కోడి ఎర్రకణాలను మనిషి క్యాన్సర్ కణాలతో కలిపేసినప్పుడు ఆ కేంద్రకాలు ఉబ్బి, మళ్లీ ఆర్ఎన్ఏ తయారీ మొదలుపెట్టాయి. రోగక్రిములు సోకినప్పుడు పక్షుల, చేపల ఎర్రకణాలు కొన్ని జన్యువులను మేల్కొల్పి రోగనిరోధక ప్రతిస్పందనలో పాలుపంచుకుంటాయని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. క్షీరదాల ఎర్రకణానికి ఆ అవకాశం లేదు. మరో చిన్న తేడా: పక్షి జన్యుపరీక్షకు ఒక్క బొట్టు రక్తంలోంచే బోలెడు డీఎన్ఏ దొరుకుతుంది. మనిషి రక్తంలో డీఎన్ఏ దొరికేది తెల్లకణాల్లోంచి.

కేంద్రకం పోయాక కణానికి మిగిలేది కొద్ది గడువే. ఒకటి రెండు రోజులు రెటిక్యులోసైట్ అనే లేత దశలో, మిగిలిన ఆర్ఎన్ఏతో ఆఖరి ప్రోటీన్లు తయారవుతాయి. మైటోకాండ్రియా, రైబోజోములు కూడా తొలగిపోతాయి. ఆపైన కొత్త ప్రోటీన్ ఒక్కటీ పుట్టదు. పాడైన ఎంజైమ్‌ను మార్చుకోవడం కుదరదు. గ్లూకోజ్‌ను ఆక్సిజన్ లేకుండా లాక్టేట్‌గా విరగ్గొట్టి వచ్చే కొద్దిపాటి ఏటీపీయే (కణానికి శక్తినిచ్చే అణువు) ఆధారం. ఒళ్లంతా ఆక్సిజన్ పెట్టుకుని దాన్ని వాడుకోలేని కణం ఇది. ఈ పేద జీవక్రియలోంచే ఒక ఉపయోగాన్ని కూడా క్షీరదాలు రాబట్టుకున్నాయి. గ్లూకోజ్ విరిగే దారిలో పుట్టే 2,3-బీపీజీ అనే పదార్థం హీమోగ్లోబిన్‌కు అంటుకుని, కణజాలం దగ్గర ఆక్సిజన్ తేలిగ్గా విడిపోయేలా చేస్తుంది.

మరమ్మతు లేకపోవడం ఎంత ప్రమాదమో, ఎర్రకణాన్ని ఆక్సీకరణ దెబ్బల నుంచి కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంలో తెలుస్తుంది. ప్రపంచంలో దాదాపు 40 కోట్ల మందికి ఉన్న ఈ లోపంలో ఎంజైమ్ త్వరగా శిథిలమవుతుంది. కేంద్రకమున్న కణమైతే కొత్తది చేసుకుంటుంది. ఎర్రకణం చేసుకోలేదు కాబట్టి కొన్ని మందులు, ఇన్ఫెక్షన్ల తాకిడికి చిట్లిపోతుంది. అయినా మామూలు మనిషిలో ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. నిమిషానికి ఒక చుట్టు చొప్పున లక్షన్నరకు పైగా చుట్లు. కేంద్రకమున్న కోడి కణం మాత్రం నెల రోజుల్లోనే రాలిపోతుంది. కేంద్రకం ఉంటే ఆయుష్షు పెరుగుతుందన్న ఊహ కూడా ఇలా వీగిపోతుంది.

కేంద్రకం లేకపోతే వైరస్‌లకు పని ఉండదని, క్యాన్సర్‌గా మారే ప్రమాదం తప్పుతుందని కూడా కొందరు అంటారు. రెండూ జరిగే మాటే గాని, ఫలితాన్ని కారణంగా చూపడమవుతుంది. మలేరియా పరాన్నజీవికి తన కేంద్రకం తనకే ఉంది. క్షీరదాల కణంలోనూ, కేంద్రకమున్న పక్షి కణంలోనూ అది హాయిగా కాపురం పెడుతుంది.

ఇదంతా ఎప్పుడు జరిగింది? గుడ్లు పెట్టే ప్లాటిపస్‌కూ, కడుపు సంచిలో పిల్లలను మోసే కంగారూకూ ఎర్రకణాల్లో కేంద్రకం లేదు. కాబట్టి ఈ శాఖలు విడిపోకముందే, అంటే డైనోసార్ల కాలంలోనే, ఇది స్థిరపడి ఉండాలి. రక్తకణాలు శిలాజాలుగా దొరకవు. అయితే ఎముకల్లో నాళాలు నడిచిన సన్నని కాలువలు దొరుకుతాయి. వాటి కొలతల నుంచి ఎర్రకణం పరిమాణాన్ని అంచనా వేసిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. క్షీరదాల పూర్వీకుల్లో కణాలు చిన్నవి కావడం ట్రయాసిక్ యుగంలోనే మొదలైందని అది సూచించింది. పిండంలోనూ పాత దశ జాడ ఉంది. క్షీరద పిండపు తొలి ఎర్రకణాలు సొన సంచిలో పుట్టి, కేంద్రకంతోనే రక్తంలోకి వస్తాయి. కొన్నాళ్లు తిరిగాక దాన్ని వదిలేస్తాయి. ఇంకో విషయం తరచూ మరుగున పడుతుంది. గాయమైనప్పుడు రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లకు కూడా క్షీరదాల్లో కేంద్రకం లేదు. పక్షుల్లో, చేపల్లో ఆ పని చేసే కణాలకు ఉంది. క్షీరదాల మజ్జ ఒకటికి రెండు చోట్ల కేంద్రకం లేని కణాలను తయారుచేస్తోంది. ఆ రెండు మార్పులకూ సంబంధం ఉందా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.

రక్తాన్ని ప్రయోగశాలలో పెంచాలనుకునే వారికి ఇప్పుడు ఇదే అడ్డంకి. దాతల మూలకణాల నుంచి పెంచిన ఎర్రకణాలను 2022లో బ్రిటన్‌లో తొలిసారిగా మరో మనిషికి ఎక్కించారు, కొద్ది చెంచాల మోతాదులో. అలా దాతల కణాల మీదే ఆధారపడకుండా, ఎప్పటికీ తరగని మూలకణాల నుంచి పెంచాలంటే చిక్కు వస్తోంది. అవి హీమోగ్లోబిన్ తయారుచేస్తాయి, ఎర్రబడతాయి, చిన్నవవుతాయి. చివరి అడుగు దగ్గర చాలా కణాలు కేంద్రకాన్ని వదలకుండా ఆగిపోతాయి.